ఒహ్తానీ లేకపోతే ఎన్ని గెలుపులు తగ్గుతాయి? బేస్‌బాల్ రిఫరెన్స్ సైటుపై సమీక్ష

వృత్తిగా బేస్‌బాల్ ఆడే ఒక ఆటగాడిని పక్కన పెట్టి వేరొకరిని దింపితే జట్టు ఎన్ని ఆటలు అదనంగా ఓడిపోతుంది? ఈ ప్రశ్నకు దశాంశ స్థానంతో సహా జవాబు చెప్పే సైటు బేస్‌బాల్ రిఫరెన్స్. క్రికెట్‌తో పెరిగిన తెలుగువారికి ప్రశ్న కొత్తది కాదు. 2019 ప్రపంచ కప్ జట్టులో అంబటి రాయుడిని కాదని విజయ్ శంకర్‌ను తీసుకున్నప్పుడు మన ఇళ్ళలోనూ టీకొట్ల దగ్గరా జరిగిన వాదన ఇదే. కాకపోతే రాయుడి బదులు వచ్చినవాడు ఎన్ని పరుగుల మేరకు మెరుగో, ఎన్ని పరుగుల మేరకు తరుగో చెప్పడానికి ఇరుపక్షాలూ ఒప్పుకున్న కొలమానం లేకపోవడంతో ఆ వాదన ఎవరి అభిమానం వారిదిగా ఆగిపోయింది. అమెరికా బేస్‌బాల్‌లో అలాంటి కొలమానం ఒకటి స్థిరపడింది. దాని పేరు విన్స్ అబవ్ రీప్లేస్‌మెంట్, క్లుప్తంగా వార్. ప్రతి ఆటగాడికీ ప్రతి సీజనుకూ దాన్ని లెక్కగట్టి ఉచితంగా చూపించే రెండు ప్రధాన సైట్లలో ఇది పాతది, రెండోది ఫ్యాన్‌గ్రాఫ్స్.

షాన్ ఫోర్మన్ 2000లో మొదలుపెట్టిన ఈ సైటులో 1871 నుంచి నేటి వరకూ అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగుల్లో ఆడిన ప్రతి ఆటగాడికీ ఒక పేజీ ఉంటుంది. ఒక్క బంతి మాత్రమే ఆడి వెళ్ళిపోయినవాడికీ ఉంటుంది, ఇరవై ఏళ్ళు ఆడినవాడికీ ఉంటుంది. ఫోర్మన్ కొంతకాలం ఫిలడెల్ఫియాలోని సెయింట్ జోసెఫ్స్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, తరువాత ఉద్యోగం మాని సైటుకే అంకితమయ్యారు. లెక్కల మాస్టారి చేతిముద్ర పేజీల్లో కనిపిస్తుంది. వీడియోలు, హంగులు లేవు; పై నుంచి కింది వరకూ పట్టికలే. లీగులో మొదటి స్థానంలో నిలిచిన అంకె ముదురు అక్షరాల్లో ఉంటుంది, ప్రతి పేరూ మరో పేజీకి తలుపు తీస్తుంది. ఒక ఆటగాడి కోసం వెళ్ళి, అతని సహచరుడి పేజీకి, అక్కడి నుంచి 1920ల నాటి జట్టు పేజీకి చేరుకుని, రాత్రి ఎంతయిందో మరిచిపోవడం ఈ సైటు వాడుకరులందరికీ అలవాటే.

వార్ గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే సైటు విలువంతా ఆ ఒక్క అంకెను మనం ఎలా చదువుతామన్న దాని మీదే ఆధారపడి ఉంది. ఆటగాడి విలువను సున్నా నుంచి కొలిస్తే అర్థం ఉండదు, ఎందుకంటే అతను రాకపోతే మైదానంలో ఆ చోటు ఖాళీగా ఉండదు. అతనికి గాయమైన మరుసటి రోజున కింది స్థాయి మైనర్ లీగు నుంచి ఎవరో ఒకరు వస్తారు, కనీస వేతనానికి ఆడతారు. పెళ్ళికి కుదుర్చుకున్న పేరున్న వంటమాస్టారు ఆఖరి నిమిషంలో రాలేకపోతే విందు ఆగదు కదా. అప్పటికప్పుడు దొరికిన వంటవాడి పులుసుకూ ఆయన పులుసుకూ ఉన్న తేడానే మాస్టారి అసలు విలువ. ఆ ‘అప్పటికప్పుడు దొరికే’ ఆటగాడి స్థాయిని రీప్లేస్‌మెంట్ స్థాయి అంటారు. ఈ స్థాయిని బేస్‌బాల్ రిఫరెన్స్, ఫ్యాన్‌గ్రాఫ్స్ మొదట్లో వేర్వేరు చోట్ల పెట్టుకున్నాయి. 2013లో రెండూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాయి: జట్టు మొత్తం అలాంటివారితోనే నిండి ఉంటే అది ఆడిన ఆటల్లో .294 వంతు గెలుస్తుంది, అంటే 162 ఆటల సీజనులో సుమారు 48. ఈ లెక్కన ఏటా జరిగే 2,430 ఆటల్లో ముప్ఫై జట్ల ఆటగాళ్ళందరికీ కలిపి పంచడానికి దాదాపు 1,000 వార్ మిగులుతుంది. సైటే ఒక స్థూలమైన కొలబద్ద కూడా ఇస్తుంది: ఒక సీజనులో 8 దాటితే అత్యుత్తమ ఆటగాడి బహుమతికి తగినవాడు, 5 దాటితే ఆల్-స్టార్, 2 దాటితే రోజూ ఆడించదగినవాడు, 0 నుంచి 2 మధ్య ఉంటే బెంచీ మీదివాడు, సున్నా కంటే తక్కువైతే అతని బదులు ఎవరిని తెచ్చినా నష్టం లేదు.

బ్యాటింగూ పిచ్చింగూ (మన బౌలింగు వంటిది) రెండూ చేసే జపాన్ ఆటగాడు షోహే ఒహ్తానీ పేజీ తెరిచి 2023 వరుస చూడండి. ఆ ఏడాది లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్ తరఫున 44 హోమ్ రన్లు (మన సిక్సర్ల వంటివి) కొట్టాడు, పిచ్చరుగా 132 ఇన్నింగ్స్ (ఒక్కో ఆటలో జట్టుకు తొమ్మిది) వేసి 10 ఆటలు గెలిచి 5 ఓడాడు. సైటు ఇతనికి రెండు వేర్వేరు విలువ పట్టికలు ఇస్తుంది. బ్యాటింగు పట్టికలో ఒక్కొక్క నిలువు వరుసా ఒక్కొక్క పద్దు: సగటు ఆటగాడి కంటే బ్యాటుతో ఎన్ని పరుగులు అదనంగా తెచ్చాడు, బేస్‌ల (పరుగు పూర్తి కావడానికి దాటవలసిన మజిలీల) మధ్య పరుగెత్తడంలో ఎన్ని, ఫీల్డింగుతో ఎన్ని, ఆడిన స్థానాన్ని బట్టి కలపవలసినవి లేదా తీసివేయవలసినవి ఎన్ని. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య చోటు) ఆడేవాడికి కష్టమైన చోటని కొన్ని పరుగులు కలుపుతారు. ఫీల్డింగు చేయకుండా కేవలం బ్యాటింగుకే దిగే ఒహ్తానీ వంటివాడికి కొన్ని కోస్తారు. చివరగా సగటు ఆటగాడికీ రీప్లేస్‌మెంట్ ఆటగాడికీ మధ్య ఉన్న దూరం కింద మరికొన్ని కలిపి, సుమారు పది పరుగులకు ఒక గెలుపు చొప్పున మార్చితే వార్ వస్తుంది. పిచ్చింగు పట్టికలో ఇదే పని మరో దారిలో జరుగుతుంది. రెండూ కలిపితే 2023కి ఒహ్తానీ మొత్తం పది దగ్గర. ఆ పద్దులన్నీ విడివిడిగా కళ్ళ ముందు పెట్టడం ఈ సైటు చేసే గొప్ప పని. ఎక్కడ ఎంత వచ్చిందో తెలిస్తే ఏ పద్దును అనుమానించాలో పాఠకుడు తానే తేల్చుకోగలడు.

ఒహ్తానీ 2023 డిసెంబరులో ఏంజెల్స్‌ను వదిలి, అదే ప్రాంతంలోని డాడ్జర్స్‌తో పదేళ్ళకు 700 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఇలాంటి సహజ పరీక్ష తరచుగా దొరకదు. ఏంజెల్స్ 2023లో 73 ఆటలు గెలిచింది, అతను వెళ్ళాక 2024లో 63 గెలిచింది, 99 ఓడి తన చరిత్రలో అత్యంత అధ్వానమైన సీజను చూసింది. పోయినవి సరిగ్గా పది. ఇక్కడే ఆగిపోతే వార్ దైవవాక్కు అనిపిస్తుంది. అయితే డాడ్జర్స్ జట్టు పేజీ కూడా తెరవాలి: ఒహ్తానీ లేని 2023లో 100 గెలుపులు, ఒహ్తానీ వచ్చిన 2024లో 98. ఆ ఏడాది మోచేతి శస్త్రచికిత్స వల్ల అతను పిచ్చింగు చేయకపోయినా 54 హోమ్ రన్లు కొట్టి 59 బేస్‌లు దొంగిలించాడు (పిచ్చరు బంతి వేస్తుండగా పరుగెత్తి తరువాతి బేస్‌కు చేరడం), వార్ తొమ్మిది దరిదాపుల్లో ఉంది. తొమ్మిది గెలుపుల మనిషి వచ్చి చేరితే రెండు గెలుపులు తగ్గాయి. కారణాలు వెతికితే దొరుకుతాయి. డాడ్జర్స్ పిచ్చర్లు ఒకరి తరువాత ఒకరు గాయాలతో తప్పుకున్నారు. అటు ఏంజెల్స్‌లో మరో పెద్ద ఆటగాడు మైక్ ట్రౌట్ 2024లో 29 ఆటలు మాత్రమే ఆడగలిగాడు కాబట్టి ఆ పది గెలుపుల లోటు ఒక్క ఒహ్తానీదే అనడానికి వీల్లేదు. నేను చెప్పదలచింది, ఈ అంకె మిగతా అంతా మారకుండా ఉంటే ఏమవుతుందో చెబుతుంది, మిగతా అంతా మారకుండా ఉండే సీజను మాత్రం ఎన్నడూ రాదు. అక్టోబరులో డాడ్జర్స్ ఎలాగూ వరల్డ్ సిరీస్ (సీజను ఫైనల్) గెలిచింది కాబట్టి ఆ రెండు గెలుపుల సంగతి అక్కడ ఎవరూ పట్టించుకోలేదు.

సియాటిల్ మారినర్స్ కథ ఇంకా విచిత్రం. 1998లో ర్యాండీ జాన్సన్‌ను, 2000 సీజనుకు ముందు కెన్ గ్రిఫీ జూనియర్‌ను ఆ జట్టు వదులుకుంది, ఆ సీజను ముగియగానే అలెక్స్ రోడ్రిగ్జ్ 252 మిలియన్ డాలర్లకు టెక్సస్ రేంజర్స్‌కు వెళ్ళిపోయాడు. ముగ్గురూ ఆ తరం దిగ్గజాలు. 2001లో మారినర్స్ 116 ఆటలు గెలిచింది. రోడ్రిగ్జ్ 52 హోమ్ రన్లు కొట్టినా రేంజర్స్ 73 గెలిచి తన విభాగంలో అట్టడుగున నిలిచింది. దీన్ని చూపించి ‘చూశారా, ఎవరినైనా మార్చవచ్చు’ అనేవారు ఇచిరో సుజుకి అదే ఏడాది జపాన్ నుంచి వచ్చి 242 హిట్లు కొట్టాడన్న సంగతిని దాటవేస్తారు. దిగ్గజం వెళ్ళిన చోటికి మరో దిగ్గజం వస్తే దాన్ని రీప్లేస్‌మెంట్ స్థాయి అనరు. 1925 జూన్‌లో న్యూయార్క్ యాంకీస్ మొదటి బేస్ దగ్గర వాలీ పిప్‌ను పక్కన పెట్టి లూ గెరిగ్‌ను దింపినప్పుడూ జరిగింది ఇదే; రెండేళ్ళు వరుసగా అమెరికన్ లీగులో అత్యధిక హోమ్ రన్లు కొట్టిన పిప్ ఏమీ చవకబారు ఆటగాడు కాదు, ఆ తరువాత సిన్సినాటికి వెళ్ళి మరికొన్నేళ్ళు ఆడాడు కూడా.

ఇక సైటు మీద నా అభ్యంతరాలు. మొదటిది, ఆ దశాంశం. 5.3 వార్ ఉన్నవాడు 4.9 ఉన్నవాడి కంటే గొప్పవాడని నిక్కచ్చిగా చెప్పడానికి ఈ పద్ధతి చాలదని దాన్ని తయారుచేసినవారే అంటారు, పట్టికలో మాత్రం ఆ అనిశ్చితికి గుర్తు ఏదీ ఉండదు. పిచ్చర్ల విషయంలో ఇబ్బంది బాగా బయటపడుతుంది. బేస్‌బాల్ రిఫరెన్స్ పిచ్చరు నిజంగా ఇచ్చిన పరుగులతో మొదలుపెట్టి, వెనకనున్న ఫీల్డర్ల నాణ్యతను బట్టి సవరిస్తుంది. ఫ్యాన్‌గ్రాఫ్స్ ఫీల్డర్ల ప్రమేయం లేని స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటరు అవుటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటరు మొదటి బేస్‌కు వెళ్ళడం), హోమ్ రన్లతో లెక్క కడుతుంది. 2018లో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ పిచ్చరు ఏరన్ నోలాకు బేస్‌బాల్ రిఫరెన్స్ పది దరిదాపుల్లో వార్ ఇస్తే ఫ్యాన్‌గ్రాఫ్స్ ఆరు కూడా ఇవ్వలేదు. ఒకే మనిషి, ఒకే సీజను, నాలుగు గెలుపుల తేడా. ఒకటి చూసి రెండోది చూడని పాఠకుడు ఆ నాలుగు గెలుపులను ఆటగాడి ఖాతాలో వేస్తున్నాడో, సూత్రం ఖాతాలో వేస్తున్నాడో తెలియదు.

క్యాచర్ల (మన వికెట్ కీపర్ల వంటివారి) సంగతి ఇంకా ఇబ్బందికరం. బంతి స్ట్రైక్ జోను (మంచి బంతిగా లెక్కకు వచ్చే పరిధి) అంచున వచ్చినప్పుడు క్యాచరు దాన్ని పట్టుకునే తీరు అంపైరు నిర్ణయాన్ని కొంత ప్రభావితం చేస్తుంది. ఆ నైపుణ్యాన్ని ఫ్రేమింగ్ అంటారు. ఫ్యాన్‌గ్రాఫ్స్ దాన్ని 2008 నుంచి ఉన్న వివరాల ఆధారంగా వార్‌లో కలిపింది, బేస్‌బాల్ రిఫరెన్స్ కలపలేదు. ఫలితంగా ఆ నైపుణ్యమే బతుకుతెరువుగా ఉన్న క్యాచర్లు ఈ సైటులో సులువుగా మార్చదగినవారిలా కనిపిస్తారు, జట్లు మాత్రం వారిని వదలవు. పాత పేజీల్లో ఈ వైరుధ్యం మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. 1901 నుంచి 1911 వరకూ ఆడిన బిల్ బెర్గెన్ బ్యాటింగు సగటు .170, అన్నేళ్ళలో కొట్టిన హోమ్ రన్లు రెండు. ఈ పట్టిక ప్రకారం చూస్తే అతన్ని మొదటి ఏడాదే ఇంటికి పంపవలసింది. పదకొండు సీజన్లు ఆడించిన మేనేజర్లందరూ మూర్ఖులని అనుకోవడం కంటే, వారు రోజూ చూసినదేదో మన పట్టికకు అందలేదని అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

మూడో అభ్యంతరం సందర్భానికి సంబంధించినది. 2004 అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్‌తో ప్లేఆఫ్ సిరీస్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ ఓటమి అంచున, తొమ్మిదో ఇన్నింగ్సులో, యాంకీస్ పిచ్చరు, ఆ కాలంలో తిరుగులేని మరియానో రివేరా ముందు కెవిన్ మిలార్ ఓపికగా నిలబడి వాక్ సాధించాడు. అతని బదులు పరుగెత్తడానికి వచ్చిన డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలించాడు. ఆ సిరీస్ తిరగబడింది. వార్ లెక్క రెగ్యులర్ సీజనుకే, అంటే లీగు దశకే, పరిమితం కనుక ఆ క్షణం అందులో లేనే లేదు. రెగ్యులర్ సీజనులో జరిగి ఉన్నా, 10–1 ఆధిక్యంలో దొంగిలించిన బేస్‌కూ దానికీ పట్టికలో తేడా ఉండదు. గెలుపు అవకాశాల హెచ్చుతగ్గులను కొలిచే వేరే అంకె ఇదే సైటులో ఉంది కానీ వెతుక్కోవాలి, పేజీ నెత్తిన కూర్చునేది వార్ మాత్రమే.

ఈ అంకె చివరికి డబ్బుగా మారుతున్నప్పుడు ఇలాంటి లోపాలు చిన్నవి కావు. 2022లో యజమానులకూ ఆటగాళ్ళ యూనియనుకూ కుదిరిన ఒప్పందంలో, ఇంకా వేతనం బేరమాడే హక్కు రాని యువ ఆటగాళ్ళకు ఏటా 50 మిలియన్ డాలర్ల బోనసు నిధి పెట్టారు. అందులో పెద్ద భాగాన్ని వార్ ఆధారంగానే పంచుతారు. అదే ఒప్పందం మేజర్ లీగు కనీస వేతనాన్ని 2023కి 7,20,000 డాలర్లుగా నిర్ణయించింది. ఆ ఏడాదే మైనర్ లీగు ఆటగాళ్ళకు తొలిసారి యూనియన్ ఒప్పందం కుదిరి, మేజర్ లీగుకు సరిగ్గా ఒక మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస వార్షిక వేతనం 17,500 నుంచి 35,800 డాలర్లకు పెరిగింది. రెండింటి మధ్య ఇరవై రెట్లు. రీప్లేస్‌మెంట్ స్థాయి అంటే గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. ట్రిపుల్-ఏ జట్టులో పిలుపు కోసం ఎదురుచూస్తూ ఇరవై ఆరేళ్ళు దాటుతున్న మనిషి. అతని వివరాలు కూడా ఈ సైటు మైనర్ లీగు విభాగంలో ఉంటాయి, ఏ ఏడాది ఏ ఊళ్ళో ఆడాడో వరుసగా. ఊళ్ళ పేర్లు మారుతూ పోయే ఆ వరుసలను ఒకసారి ఓపికగా చదవమని నా మనవి.

జట్టు మొత్తాన్ని మార్చేస్తే ఏమవుతుందన్న దానికి కూడా ఈ సైటులోనే సాక్ష్యం ఉంది. ఎక్కువమంది ఆ పేజీల దాకా వెళ్ళరు. 1899 క్లీవ్‌లాండ్ స్పైడర్స్ పేజీ తెరవండి. దాని యజమానులైన రాబిసన్ సోదరులు సెయింట్ లూయిస్ జట్టును కూడా కొనుక్కుని, దిగ్గజ పిచ్చరు సై యంగ్‌తో సహా పనికొచ్చేవారందరినీ అక్కడికి తరలించి, మిగిలినవారితో క్లీవ్‌లాండ్‌ను నడిపారు. అంతకుముందు ఏడాది 81 గెలిచి 68 ఓడిన జట్టు 20 గెలిచి 134 ఓడింది. క్లీవ్‌లాండ్ జనం మైదానానికి రావడం మానేశారు, సీజను మొత్తానికి వచ్చినవారు ఆరు వేల పైచిలుకు. ప్రేక్షకులు లేని ఊళ్ళో ఆడటం దండగని ప్రత్యర్థులు రాకపోవడంతో మిగిలిన ఆటలన్నీ పరాయి ఊళ్ళలోనే ఆడవలసివచ్చి, బయటి మైదానాల్లో 101 ఓడింది. ఆ ఏడాదితో జట్టు అంతరించింది. నేటి సిద్ధాంతం ప్రకారం ప్రత్యామ్నాయ ఆటగాళ్ళ జట్టు గెలవవలసిన .294 వంతులో వీరు సగం కూడా గెలవలేదు.

1912 మే 18 నాటి డెట్రాయిట్ టైగర్స్ స్కోరు పట్టిక ఈ సైటులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ. మూడు రోజుల ముందు న్యూయార్క్‌లో తనను దూషించిన ప్రేక్షకుడి మీదికి వెళ్ళి కొట్టినందుకు టైగర్స్ స్టార్ టై కాబ్‌ను లీగు సస్పెండ్ చేసింది. సహచరులకు కాబ్ అంటే ప్రేమ లేకపోయినా, అతనికి మద్దతుగా ఫిలడెల్ఫియాలో ఆడటానికి నిరాకరించారు. జట్టును దింపకపోతే భారీ జరిమానా అని లీగు అధ్యక్షుడు బాన్ జాన్సన్ హెచ్చరించడంతో మేనేజరు హ్యూయీ జెన్నింగ్స్ ఊళ్ళో దొరికినవారిని పోగుచేశాడు. పిచ్చరుగా నిలబడ్డ ఆలన్ ట్రావర్స్ సెయింట్ జోసెఫ్స్ కాలేజీ విద్యార్థి. దాదాపు తొంభై ఏళ్ళ తరువాత ఫోర్మన్ లెక్కలు చెప్పింది ఆ విద్యాసంస్థలోనే కావడం కాకతాళీయం. అతని వరుస చూడండి: 8 ఇన్నింగ్స్, 26 హిట్లు, 24 పరుగులు, 7 వాక్‌లు, 1 స్ట్రైకవుట్, సగటు 15.75. టైగర్స్ 24–2 తేడాతో ఓడింది. లోటు పూడ్చడానికి 48 ఏళ్ళ కోచ్ డీకన్ మెగ్వైర్ కూడా ప్యాడ్లు కట్టి క్యాచరుగా దిగాడు. అదే పట్టికలో ఎడ్ అర్విన్ అనే కుర్రవాడు మూడు సార్లు బ్యాటు పట్టి రెండు ట్రిపుల్స్ (ఒకే దెబ్బకు మూడో బేస్ దాకా చేరడం) కొట్టాడు, మళ్ళీ ఎన్నడూ మేజర్ లీగులో ఆడలేదు, అతని జీవితకాల సగటు .667గా నిలిచిపోయింది. ట్రావర్స్ తరువాత క్రైస్తవ మతగురువయ్యాడు. టైగర్స్ ఆటగాళ్ళు కాబ్ మాట మీదే తిరిగి వచ్చారు, తలా వంద డాలర్ల జరిమానా కట్టారు. కాబ్‌కు పడింది యాభై.

మూడో సాక్ష్యం సైటులో కనిపించకపోవడం వల్ల ఆసక్తికరం. 1994 ఆగస్టు 12న మొదలైన ఆటగాళ్ళ సమ్మె ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌ను మింగేసింది. 1995 వసంతంలో యజమానులు ‘రీప్లేస్‌మెంట్ ప్లేయర్స్’ పేరుతో మైనర్ లీగువారిని, రిటైరైనవారిని తెచ్చి శిక్షణ ఆటలు ఆడించారు. డెట్రాయిట్ మేనేజరు స్పార్కీ ఆండర్సన్ వారిని నడిపించనని సెలవు పెట్టాడు, బాల్టిమోర్ యజమాని పీటర్ ఏంజెలోస్ అలాంటి జట్టును దింపనే దింపనన్నాడు. మార్చి 31న న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో న్యాయమూర్తి సోనియా సోటోమయోర్ యజమానులకు వ్యతిరేకంగా ఉత్తర్వు ఇవ్వడంతో రెండు రోజులకే సమ్మె ముగిసింది. లెక్కకు వచ్చే ఆట ఒక్కటైనా జరగలేదు కాబట్టి, అసలు ఆ పేరుతోనే పిలవబడ్డ మనుషుల పరీక్షకు బేస్‌బాల్ రిఫరెన్స్‌లో పట్టిక లేదు. కొందరు మాత్రం తరువాత సొంతంగా మేజర్ లీగుకు చేరి పేజీ సంపాదించుకున్నారు: 1998 యాంకీస్‌లో షేన్ స్పెన్సర్, 2001 అరిజోనాలో డేమియన్ మిల్లర్, 2002 ఏంజెల్స్‌లో బ్రెండన్ డానెలీ. రివేరా ముందు వాక్ సాధించిన కెవిన్ మిలార్ కూడా వారిలో ఒకడే. నలుగురూ వరల్డ్ సిరీస్ గెలిచిన జట్లలో ఉన్నారు. సమ్మెను భంగపరచినవారిగా యూనియన్ వారిని ఎన్నడూ సభ్యులుగా చేర్చుకోలేదు, యూనియన్ అనుమతితో తయారయ్యే విజయోత్సవ వస్తువుల మీద వారి పేర్లు వేయలేదు. పేజీల్లోని పట్టికల్లో ఈ సంగతి ఎక్కడా ఉండదు. సమ్మె ముగిసి అసలు ఆటగాళ్ళే తిరిగి వచ్చినా 1995లో సగటు హాజరు సుమారు ఇరవై శాతం పడిపోయింది. ఆటగాళ్ళను మార్చడమంటే ప్రేక్షకుడి నమ్మకంతో ఆడుకోవడమని యజమానులకు అప్పుడు తెలిసివచ్చి ఉండాలి. 2022లో కుదిరిన ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1.

ఒక్కొక్కరినీ విడిగా తీసుకుంటే దాదాపు ఎవరినైనా మార్చవచ్చు, ఎంత నష్టానికి మార్చవచ్చో సైటు చెబుతుంది. అందరినీ ఒక్కసారిగా మార్చడం గురించి ఆ అంకె ఏమీ చెప్పదు, ఎందుకంటే ఆ ‘దొరికే మనిషి’ పై స్థాయిలో ఏడెనిమిది వందల మంది నిలబడి ఉన్నంతవరకే దొరుకుతాడు. నేను ఇన్నేళ్ళుగా ఈ పట్టికలు చదువుతూ చేరుకున్న అభిప్రాయం ఇదే. దీనికి ఎదురు ఉదాహరణ అనిపించేది 2024 చికాగో వైట్ సాక్స్: 41 గెలిచి 121 ఓడి, సిద్ధాంతం ప్రకారం ప్రత్యామ్నాయ ఆటగాళ్ళ జట్టుకు రావలసిన 48 కంటే కిందికి జారింది. ఆ జట్టు పేజీలో ఇంకొంచెం కిందికి వెళితే, కొట్టిన 507 పరుగులు, ఇచ్చిన 813 పరుగులను బట్టి గెలవవలసిన ఆటలు 48 అని ఉంటుంది. ఆ సంఖ్య చూసి లెక్క కట్టినవారిని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

ఎవరిని ఆడనిచ్చారన్న దాన్ని బట్టి కూడా ఈ స్థాయి మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆటగాళ్ళు సైన్యానికి వెళ్ళినప్పుడు సిన్సినాటి 1944లో పదిహేనేళ్ళ జో నక్సల్‌ను పిచ్చింగుకు దింపింది, మరుసటి ఏడాది సెయింట్ లూయిస్ బ్రౌన్స్ తరఫున ఒంటిచేతి పీట్ గ్రే 77 ఆటలు ఆడాడు. అదే సమయంలో జోష్ గిబ్సన్ వంటి నల్లజాతి ఆటగాళ్ళకు రంగు కారణంగా తలుపులు మూసి ఉన్నాయి. వారు విడిగా ఆడిన నీగ్రో లీగుల రికార్డులను బేస్‌బాల్ రిఫరెన్స్ 2021లో మేజర్ లీగు రికార్డులతో సమానంగా చేర్చింది. మేజర్ లీగు బేస్‌బాల్ సంస్థ తన అధికారిక గణాంకాల్లో కలిపింది 2024లో. గిబ్సన్ .372 సగటు ఇప్పుడు జీవితకాల జాబితాలో అందరికంటే పైన, కాబ్ కంటే పైన ఉంది. ఈ ఒక్క పనికైనా సైటుకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

వాడకం విషయానికి వస్తే, కంప్యూటర్‌లో చూడటమే మేలు. నిలువు వరుస పేరు మీద మౌస్ ఉంచితే వివరణ కనిపిస్తుంది. ఫోనులో ఆ సదుపాయం సాఫీగా ఉండదు, ముప్ఫై వరుసల పట్టికను వేలితో పక్కకు జరుపుకుంటూ చదవడం విసుగు. ప్రకటనలు ఎక్కువే. బేస్‌బాల్ కొత్తవారికి సైటు చేయి పట్టుకుని నడిపించదు. అమెరికాలో స్థిరపడి, పిల్లలు లిటిల్ లీగులో చేరాక ఆట నేర్చుకుంటున్న మన తల్లిదండ్రులు ముందు ఒక ఇష్టమైన జట్టు పేజీతో మొదలుపెట్టి, అక్కడి ఆటగాళ్ళ వార్ వరుస మాత్రమే చూస్తూ, రెండు మూడు నెలల తరువాత మిగతా పద్దులకు వెళ్ళడం మంచిది.

అసలు చిక్కు చందా దగ్గర ఉంది. ఫలానా షరతులకు సరిపోయే సీజన్లన్నీ వెతికి ఇవ్వమని అడిగే సాధనం స్టాట్‌హెడ్ పేరుతో డబ్బు కట్టినవారికే పూర్తిగా తెరుచుకుంటుంది. క్రిక్‌ఇన్ఫోలో స్టాట్స్‌గురు అదే పనిని ఉచితంగా చేసిపెట్టడానికి అలవాటుపడ్డ మనకు ఇది కొంచెం గుచ్చుకుంటుంది, నాకు గుచ్చుకుంది. ఏటా క్రమం తప్పకుండా వాదనలకు దిగేవారు, ఫాంటసీ లీగులు ఆడేవారు, ఆట గురించి రాసేవారు చందా కట్టడంలో తప్పు లేదు, వెతుకులాటలో ఆదా అయ్యే సమయమే దానికి సరిపోతుంది. వారానికోసారి ఒక ఆటగాడి పేజీ తెరిచేవారికి ఉచిత భాగం చాలా ఎక్కువ. పక్క ట్యాబ్‌లో ఫ్యాన్‌గ్రాఫ్స్ తెరిచి ఉంచుకుని, పిచ్చరు అయినా క్యాచరు అయినా రెండు అంకెలూ చూశాకే ఎవరితోనైనా పందెం కాయండి. ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను. తగ్గించిన అరా క్యాచర్ల కోసం.